రద్దీలో విడిచిన జాగా

అమెరికా సంయుక్త రాష్ట్రములలో సెప్టెంబరు నెల మొదటి సోమవారమును శ్రామిక దినముగా 1894 నుండి దేశమంతటను సెలవుగా పాటించుచున్నారు. వేసవి విహారములకు అది తుది గడువు గనుక, అంతకు ముందటి శుక్రవారము సాయంకాలము మొదలుకొని కొలరాడో రాష్ట్రపు పర్వతసీమలకును, ఆవల యూటాలోని ఎర్రరాతి లోయలకును తరలిపోయిన జనము, సోమవారము ప్రొద్దు వాలునప్పటికి ఒక్క పెట్టున డెన్వరు నగరము వైపు మరలును. వారికి ముఖ్యమైన దారి ఒక్కటే. అది రాకీ పర్వతములను చీల్చుకొని పోవు ఇంటర్‌స్టేట్ 70 అను రహదారి. కార్లు, పడవలను లాగుకొనివచ్చు పికప్పులు, సరకుల లారీలు, వీని నడుమ పడకలు, పొయ్యి, ఫ్రిజ్జు, స్నానపుగది, నీటితొట్లు సమస్తమును ఒకే చట్రముపై మోయుచు వచ్చు మోటారుహోమ్‌లు, అన్నియు ఒకే ప్రవాహములో కలిసి, గంటలో ముగియవలసిన ప్రయాణమును మూడు నాలుగు గంటలకు సాగదీయును.

ఈ మోటారుహోమ్‌లలో అనేకము అద్దెకు తెచ్చుకొన్నవి. దినదినము చిన్నకారు నడుపుకొను గృహస్థు, సాధారణమైన లైసెన్సుతోనే, సంవత్సరమునకొకమారు ఇంతటి బరువును చేతబట్టును; డెన్వరు పరిసరములలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో కూడ ఇట్టి ప్రయాణములు ఇప్పుడు కొత్త కాదు. అట్టి వాహనమును నడుపు వివేకి తనముందు విశాలముగా జాగా విడిచి, నింపాదిగా ఒకే వేగమున సాగుచుండగా, వెనుకనున్నవారు ఓర్పు కోల్పోయి, ఈ రద్దీకంతకును ఇతడే మూలమని తలంతురు. గత తొంబది సంవత్సరములలో గణితవేత్తలును భౌతికవేత్తలును వాహనప్రవాహమును గూర్చి తెలిసికొన్న విషయములు ఈ అభిప్రాయమును చాలవరకు తలక్రిందులు చేయుచున్నవి. ఘాటు దిగునపుడు ఆ పెనువాహనమునకు తన ప్రాణరక్షణ కొరకు ఏ జాగా అవసరమో, ఆ జాగాయే రద్దీ అను రుగ్మతకు కొంత మేరకు ఔషధము కూడ అగుచున్నదని చూపుట ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా ఆ దారి స్వరూపమును గ్రహింపవలెను. పడమటి నుండి వచ్చు వాహనము డిల్లన్, సిల్వర్‌థోర్న్ అను ఊళ్లు దాటి, మైళ్ల కొలది ఎగుడెక్కి, సముద్రమట్టమునకు 11,158 అడుగుల, అనగా 3,401 మీటర్ల ఎత్తును అందుకొన్న ఐసెన్‌హోవర్ జంట సొరంగములను చేరును. వానిలో మొదటిది 1973లోను, తూర్పునకు పోవువారికి ఉపయోగపడు రెండవది 1979లోను తెరువబడినవి. నిడివి సుమారు 2.7 కిలోమీటర్లు. అంతటి సొరంగములో వాహనములు కదలక నిలిచిపోవుట ప్రమాదకరము గనుక, రద్దీ మిక్కుటమైనపుడు అధికారులు వానిని వెలుపలనే ఆపి, విడతలు విడతలుగా లోనికి వదలుచుందురు. సొరంగము దాటినది మొదలు దారి జార్జిటౌన్ వైపు దిగజారును. ఆ పిమ్మట ఎంపైర్ కూడలి యొద్ద వింటర్ పార్కు వైపు నుండి వచ్చు యు.ఎస్. 40వ రహదారి ఇందులో కలియును. రెండు ప్రవాహములు ఒకటగుచోట సాధారణ లేన్‌లు మాత్రము రెండే. అటుపై ఐడహో స్ప్రింగ్స్, ఫ్లాయిడ్ హిల్ అను మరియొక ఎగుడు, చివరకు మౌంట్ వెర్నన్ లోయలోని నిటారు దిగుడు, దాని అడుగున 1,609 మీటర్ల ఎత్తున డెన్వరు నగరము.

ఇక ప్రవాహమును గూర్చి. 1930ల ప్రథమార్ధములో బ్రూస్ గ్రీన్‌షీల్డ్స్ అను ఇంజనీరు ఒహాయో రాష్ట్రములో రోడ్డు ప్రక్కన చలనచిత్రముల కెమెరాను నిలిపి, వచ్చిపోవు కార్లను వరుసగా ఫోటోలు తీసి, ఆ ఫోటోలలో కార్ల నడుమ దూరమును, వాని వేగమును కొలిచెను. కార్లు దగ్గరపడిన కొలది వేగము తగ్గునని ఎవరికైనను తెలియును. అయితే 1935లో ఆయన ప్రకటించిన లెక్కలనుండి తేలినది అంతకంటె గంభీరమైన విషయము. ఒక గంటలో ఒక స్థలమును దాటు వాహనముల సంఖ్య, సాంద్రతను వేగముచేత గుణించగా వచ్చు లబ్ధము. రోడ్డు ఖాళీగా ఉన్నపుడు సాంద్రత స్వల్పము గనుక ఆ లబ్ధము స్వల్పము. రోడ్డు క్రిక్కిరిసినపుడు వేగము శూన్యము గనుక లబ్ధమును శూన్యమే. ఈ రెంటికి నడుమ ఎచ్చటనో ఒక శిఖరము ఉండితీరవలెను. నేటి హైవేలలో ఒక్కొక్క లేను మీద ఆ శిఖరము గంటకు రెండువేలకు కొంచెము పైబడిన కార్లు. శిఖరమునకు ఇవతల ఉన్నంతవరకు వాహనములు చేరిన కొలది రోడ్డు ఎక్కువ పని చేయును. శిఖరము దాటిన పిమ్మట చేరిన ప్రతి వాహనమును రోడ్డు చేయు పనిని తగ్గించును. సెలవుదినపు సాయంకాలమున ఇంటర్‌స్టేట్ 70 నిలుచునది ఆ శిఖరపు కొనమీదనే.

శిఖరమునకు ఆవలి దెసలో ఏమి జరుగునో గణితముగా చెప్పినవారు ఇంగ్లండుకు చెందిన జేమ్స్ లైట్‌హిల్, జెరాల్డ్ విథామ్ అను ఇద్దరు పండితులు. 1955లో రాయల్ సొసైటీ పత్రికలో వారు రెండు వ్యాసములను వెంటవెంట ప్రకటించిరి. మొదటిది దీర్ఘమైన నదులలో వరదపోటు ఎట్లు సాగునో వివరించినది. రెండవది అదే గణితమును క్రిక్కిరిసిన రోడ్లకు అన్వయించినది. మరుసటి సంవత్సరము రిచర్డ్స్ అను నతడు స్వతంత్రముగా అదే సిద్ధాంతమునకు చేరెను. నదిలో వరదపోటు నీటితో పాటు దిగువకే పోవును. రోడ్డు మీద మాత్రము, సాంద్రత ఆ శిఖరమును మించినపుడు, కార్లు ముందుకు పోవుచుండగా రద్దీ తరంగము వెనుకకు నడచును. నిలిచిన గుంపునకు ముందుభాగమున ఒక్కొక్క కారు విడిపడి కదలిపోవుచుండ, వెనుకభాగమున ఒక్కొక్క కారు వచ్చి తగులుకొనుచుండుట చేత, గుంపు మాత్రము పడమటికి జరుగుచుండును. ఆ వెనుక నడక గంటకు సుమారు 15 నుండి 20 కిలోమీటర్లు. ఐడహో స్ప్రింగ్స్ యొద్ద నాలుగు గంటలకు ఎవడో గట్టిగా తొక్కిన బ్రేకు ఫలితము, ఐదు గంటలకు, ఆ మనిషి ఇల్లు చేరిన తరువాత, పది పన్నెండు మైళ్లు వెనుకనున్న మరియొకని పాదమునకు అందును. ఆ రెండవవాడు కారణము కొరకు ముందుకు చూచును; అచట ప్రమాదము లేదు, చెడిపోయిన లారీ లేదు, మరమ్మతు పనియు లేదు.

ఆ తరంగము పుట్టుటకు అసలు హేతువు మనుష్యుని ప్రతిక్రియలోని ఆలస్యము. దీనిని లెక్కకు తెచ్చినవాడు రాబర్ట్ హెర్మన్. ఈయన 1948లో రాల్ఫ్ ఆల్ఫర్‌తో కలిసి, విశ్వమంతటను వ్యాపించిన అవశేష వికిరణమునకు ఉండవలసిన ఉష్ణోగ్రతను ముందుగా ఊహించిన మహనీయుడు. తదుపరి జనరల్ మోటార్స్ పరిశోధనాలయమున చేరి, విశ్వారంభమును విచారించిన బుద్ధితోనే ఒక కారు వెనుక మరియొక కారు ఎట్లు పోవునో విచారించెను. ముందు కారు వేగము తగ్గిన సంగతి వెనుకవాని కంటబడి, మనసుకెక్కి, కాలు బ్రేకు మీదికి చేరులోగా సుమారు ఒక సెకను గడచును. ఆ సెకనులో నడుమ దూరము తరిగిపోవును గనుక, అతడు ముందువానికంటె కొంచెము గట్టిగా బ్రేకు వేయవలసి వచ్చును. అతని వెనుకవాడు మరికొంచెము గట్టిగా. ప్రతిక్రియలోని ఆలస్యమును, ప్రతిక్రియ యొక్క తీవ్రతను గుణించగా వచ్చు సంఖ్య ఒక హద్దు లోపల ఉన్నంతవరకు అలజడి వరుసలో పోనుపోను సన్నగిల్లుననియు, హద్దు మించినచో కారు కారుకును పెరుగుననియు హెర్మన్ బృందము 1950ల చివర నిరూపించెను. ముందుకారునకు మిక్కిలి చేరువగా నడుపువాడు తీవ్రముగా ప్రతిక్రియ చూపక తప్పదు. దూరముగా నడుపువానికి తొందర లేదు.

ఈ విషయమును కండ్లారా చూడగోరిన జపాను శాస్త్రజ్ఞులు, యూకీ సుగియామా నాయకత్వమున, 230 మీటర్ల చుట్టుకొలత గల వృత్తాకారపు బాటపై 22 కార్లను సమదూరములలో నిలిపి, గంటకు 30 కిలోమీటర్ల వేగముతో సమముగా నడుపుడని కోరిరి. ఆ ప్రయోగ వివరములు 2008లో వెలువడినవి. ఆ బాటలో సిగ్నలు లేదు, మలుపులో ఇరుకు లేదు, లోనికి వచ్చువాడు లేడు, బయటికి పోవువాడు లేడు. అయినను కొంతసేపటికే చిన్నచిన్న తేడాలు పెరిగి, నాలుగైదు కార్లు పూర్తిగా నిలిచిపోయిన గుంపు ఒకటి ఏర్పడి, కార్లకు ఎదురు దిశలో గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగముతో చుట్టు తిరుగనారంభించెను. హైవేల మీద కొలిచిన తరంగ వేగమును, చిన్న బాటమీది ఈ వేగమును ఇంచుమించుగా ఒక్కటే అగుట నాకు మిక్కిలి ఆశ్చర్యమును ఆనందమును కలిగించిన సంగతి. ఎందుచేతననగా అది రోడ్డు గుణము కాదు, దేశపు గుణమును కాదు, కారు వెనుక కారు నడుపు మనుష్యుని గుణము. సంక్రాంతి ముగిసిన మరునాడు విజయవాడ నుండి హైదరాబాదునకు 65వ జాతీయ రహదారిపై మరలు వాహనశ్రేణిలో, పంతంగి టోలుగేటు వంటి చోట్ల నిలుచు గుంపు స్థిరమైనది, దానికి కారణము కంటికి కనబడును. గేటు దాటిన పిమ్మట కూడ అకారణముగా ఆగి కదలు గుంపులు పైన చెప్పిన జాతికి చెందినవి.

ఇప్పుడు మోటారుహోమ్ సంగతికి రావచ్చును. అద్దెకు దొరకువానిలో పెక్కింటికి ఆధారము ఫోర్డు ఇ-450 చట్రము. ఇల్లు, సామాను, నీరు, మనుష్యులు అన్నియు కలిసి దానిపై అనుమతించిన మొత్తము బరువు 14,500 పౌనులు, అనగా ఇంచుమించు 6,600 కిలోలు. హైవే లేను వెడల్పు 12 అడుగులు, అనగా 3.66 మీటర్లు, చట్టము అనుమతించు మేరకు 2.59 మీటర్ల వెడల్పు గల బండి దాని నడుమ నిలిచినచో ఇరుప్రక్కల మిగులునది అర్ధమీటరు మాత్రమే, అద్దములు దానిలోనికే చొచ్చుకొని వచ్చును. వెనుక చక్రములకు ఆవల నిడుపుగా తోకభాగము ఉండుట చేత, స్టీరింగును ఒక్కసారి కుడికి త్రిప్పినచో తోక ఎడమ ప్రక్క లేనులోనికి కొంత ఊగును. అందువలన రద్దీలో లేను మారుట చిన్నకారునకు క్షణపు పని, దీనికి పెద్ద కార్యము. ఐడహో స్ప్రింగ్స్ ప్రాంతమున రద్దీ దినములలో సుంకము చెల్లించి పోదగిన అదనపు లేను ఒకటి 2015 చివర తెరచిరి గాని, 25 అడుగులు మించిన వాహనములకు అందులో ప్రవేశము లేదు.

ఎగుడులో ఈ వాహనము నిజముగా అడ్డమే. ఆ మాట దాచవలసిన పని లేదు. 3,400 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రతీరమున ఉన్నదానిలో నూటికి 71 వంతులకు పడిపోవును గనుక, టర్బో లేని పెట్రోలు ఇంజను తన బలములో మూడింట ఒక వంతునకు దగ్గరగా కోల్పోవును. అమెరికా ఇంజనీర్లు రోడ్ల సామర్థ్యమును గణించుటకు వాడు హైవే కెపాసిటీ మాన్యువల్ 2000వ సంవత్సరపు సంచికలో, సమతల ప్రదేశమున ఒక మోటారుహోమ్‌ను 1.2 కార్లతోను, మిట్టపల్లముల దారిలో 2 కార్లతోను, పర్వతమార్గమున 4 కార్లతోను సమానముగా లెక్కింపుమని చెప్పినారు. అందుచేత సొరంగమునకు ఎక్కునంతసేపు కుడివైపు లేను విడువక, వెనుకవారికి త్రోవ ఇచ్చుట ధర్మము. కాని శిఖరము దాటి దిగుట మొదలుపెట్టిన పిమ్మట కథ మారును.

ఆ దిగుటలోని శక్తిని ఒకమారు గణించి చూచినగాని దాని ఘనత మనసునకు పట్టదు. 6,500 కిలోల బరువు సొరంగము ఎత్తునుండి డెన్వరు ఎత్తునకు, సుమారు 1,790 మీటర్లు, దిగినపుడు విడుదల అగు శక్తి 114 మెగాజౌళ్లు. మామూలు చల్లని నీటిని 340 లీటర్లు సలసల మరుగునట్లు చేయుటకు అది చాలును. అదే వాహనము గంటకు 90 కిలోమీటర్ల వేగమునుండి పూర్తిగా ఆగునపుడు బ్రేకులు మ్రింగవలసినది రెండు మెగాజౌళ్లు మాత్రమే. కనుక ఘాటు దిగుట అట్టి యాబదియారు నిలుపుదలలకు సమానము. ఖాళీ రోడ్డున ఈ శక్తిలో గణనీయమైన భాగమును గాలియే అపహరించును. ఎత్తయిన ఆ ముఖభాగమునకు గాలి చూపు అడ్డు వేగపు వర్గమును అనుసరించి పెరుగును గనుక, 90 కిలోమీటర్ల వేగమున, నూటికి ఆరు పాళ్ల వాలులో, గాలియు టైర్ల రాపిడియు కలిసి భూమ్యాకర్షణపు లాగుడులో సుమారు సగమును సరిపెట్టును. రద్దీలో వేగము 30కి పడిపోయినపుడు గాలి చేయు సాయము తొమ్మిదవ వంతునకు తగ్గిపోవును. భూమి లాగుడు మాత్రము పిసరంతయు తగ్గదు. పైగా చక్రములపై వీచి వానిని చల్లార్చు గాలియు మందగించును. మెల్లగా దిగుచున్నాము గదా, బ్రేకులకు భయము లేదని తలంచుట పొరపాటు. వేడి పుట్టు వడి తగ్గునే గాని, మైలునకు పుట్టు వేడి మొత్తము పెరుగును; ఆగి, కదలి, మరల ఆగు నడకలో అది ఇంకను పెరుగును.

వేడెక్కిన బ్రేకులు రెండు విధములుగా మోసము చేయును. బ్రేకు లైనింగులలోని బంధకద్రవ్యములు అధికోష్ణమున వాయువులు విడిచి రాపిడి గుణమును కోల్పోవుట ఒకటి. పెడలు బలమును చక్రములకు చేరవేయు బ్రేకు ఆయిలు మరుగుట రెండవది. డాట్ 3 అను తరగతి ఆయిలు క్రొత్తగా ఉన్నపుడు 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరుగకుండ ఉండవలెనని నియమము. కాని అది గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది గనుక, తేమ పట్టిన దానికి నియమించిన కనీసపు హద్దు 140 డిగ్రీలే. ద్రవమును నొక్కినచో నలగదు, ఆవిరి నలగును. కాబట్టి గొట్టములలో ఆవిరి బుడగ లేచిన క్షణమున పెడలు మెత్తబడి, తొక్కిన కొలది క్రిందికి పోవునే గాని చక్రము ఆగదు. ఇందుకు నివారణ క్రింది గేరు. ఘాటు ఎక్కుటకు ఏ గేరు వలసెనో దిగుటకును అదే గేరని మన లారీ డ్రైవర్లు చెప్పుమాట భౌతికశాస్త్రమునకు పూర్తిగా సమ్మతము. పెట్రోలు ఇంజనులో యాక్సిలరేటరు వదలినపుడు గాలి దారి మూసికొని, పిస్టనులు శూన్యమునకు ఎదురు లాగవలసి వచ్చుట చేత, ఇంజను తానే ఒక బ్రేకుగా మారును. అందు పుట్టిన వేడిని పొగగొట్టమును రేడియేటరును మోసికొనిపోవును. చక్రముల యొద్ద దాచుకొనవలసిన వేడి తగ్గును.

డీజిలు ఇంజనులో ఆ గాలి తలుపు లేదు గనుక, దానికి ఈ గుణము సహజముగా అల్పము. 1931లో క్లెస్సీ కమిన్స్ అను ఇంజను నిర్మాత, తన డీజిలు ఇంజను అమర్చిన లారీలో అమెరికాను అడ్డముగా దాటుచు, కాలిఫోర్నియాలోని కహోన్ కనుమను దిగునపుడు బ్రేకులు పట్టు వదలినవి. వాలు అడుగున రైలు పట్టాలు, ఆ పట్టాలపై గూడ్సు బండి. చివరి పెట్టె దాటిపోయిన మరుక్షణమున లారీ పట్టాలను దాటెను గాన ఆయన బ్రదికెను. ఆ భయము ఆయన మనసును రెండు దశాబ్దములకు పైగా విడువలేదు. ఉద్యోగ విరమణానంతరము ఆయన, సిలిండరులో నొక్కిన గాలిని సరిగా ఆ నొక్కుడు ముగియు క్షణమున బయటికి విడిచివేయు ఉపాయమును కల్పించెను. నొక్కుటకు వెచ్చించిన శక్తి తిరిగి రాదు గనుక ఇంజను బలమైన బ్రేకగును. జాకబ్స్ సంస్థ దానిని 1961 నుండి తయారుచేసి అమ్మినది. నేటి పెద్ద డీజిలు మోటారుహోమ్‌లలో అనేకము ఈ విధమైన సాధనముతోనో, పొగదారిని బిగించు సాధనముతోనో దిగుచున్నవి.

జార్జిటౌన్‌కు ఎగువన, అట్టి ఒక రద్దీ సాయంకాలమున, నేను మా బావగారి ప్రక్క సీటులో కూర్చుండి వచ్చితిని. గేరు రెండవదానికి దించి, కాలు రెండు పెడళ్లకును దూరముగా ఉంచి, ఆయన బండిని ఇంజను మీదనే దింపుచుండిరి. ముందు కారునకును మాకును నడుమ నాలుగైదు బండ్లు పట్టునంత ఖాళీ. ముందున్నవారి ఎర్రదీపములు వెలిగి ఆరి, వెలిగి ఆరి కనబడుచుండగా, మా వేగపు ముల్లు మాత్రము ఇరువది కిలోమీటర్లకు అటునిటు స్వల్పముగా ఊగుచుండెను. బయలుదేరుటకు ముందు శిబిరస్థలములోనే మురికినీటి తొట్టెను ఖాళీ చేసియుండుట చేత క్రిందినుండి నీరు తొణకు చప్పుడు లేదు. సగము నిండిన తొట్టె బ్రేకు వేసినప్పుడెల్ల బరువును ముందుకు విసరుననియు, నిండు తొట్టెకంటె అదే చెరుపనియు ఆయన ఎరుగుదురు. వెనుకనుండి అక్క అడిగినది.

“ఏమండీ, ఎడం పక్కనించి ఒక్కొక్కడే వచ్చి మన ముందు దూరిపోతున్నాడు. ఇలా అయితే ఇంటికెప్పుడు చేరతాం?”

“దూరనీవే. ఒక్కొక్కడూ దూరితే మనకి పోయేది రెండు సెకన్లు. ముప్ఫై మంది దూరినా ఒక్క నిమిషం. ఏమయ్యా, లెక్క సరేనా?” అని బావగారు నావైపు చూచిరి.

“సరే బావగారూ,” అంటిని.

ఆ లెక్క నిజముగా సరియైనది. నిండుగా సాగు లేనులో గంటకు 1,800 వాహనములు పోవుచున్నవనుకొనినచో, రెండేసి సెకన్లకు ఒక్కటి. ఒకడు ముందు ప్రవేశించుట వలన మనము వరుసలో వెనుకబడునది అతని వాటాయైన రెండు సెకన్లే. దూరిన ప్రతివానిని చూచి మనసు పడు క్లేశము ఆ రెండు సెకన్లకు ఎన్నో రెట్లు. ఇక లాభమును చూడుడు. ముందు కారు పది సెకన్లు నిలిచి, మరల గంటకు 40 కిలోమీటర్ల వరకు ఎగిరి, మరల నిలుచుచున్నదనుకొందము, సగటు 20. దాని వెనుక మనము ఆ సగటు వేగమున సాగుచు, అది నిలిచిన పది సెకన్లలో దాటు దూరము 56 మీటర్లు. కనుక 60 మీటర్ల జాగా ముందున్నచో, మనము బ్రేకు తాకకయే, అది మరల కదలువేళకు దాని వెనుకకు చేరుదుము. తరంగము మన యొద్దకు వచ్చి, ఆ జాగాలో ఇంకిపోవును. మన వెనుకనున్నవానికి చేరునది నిలకడయైన నడక మాత్రమే. మన బ్రేకులకు ఒక నిలుపుదల వేడి తప్పినది, వెనుకనున్న వారందరికిని ఒక్కొక్క నిలుపుదల తప్పినది.

ఇది కేవలము కాగితపు లెక్క కాదు. జపాను ప్రయోగమునే అరిజోనా రాష్ట్రపు టూసాన్ నగరమున అమెరికా శాస్త్రజ్ఞులు మరల నడిపి, ఇరువది పైచిలుకు కార్ల వలయములో తరంగములు పుట్టిన పిమ్మట, ఒక్క కారును మాత్రము సగటు వేగమును పట్టుకొని జాగా విడుచుచు పోవునట్లు యంత్రముచేత నడిపించిరి. నూటికి అయిదు లోపు వాటాయైన ఆ ఒక్క కారు వలన తరంగములు అణగిపోయినవి. ఇంధన వ్యయము నూటికి నలుబది వరకు తగ్గినది. 2018లో వెలువడిన ఈ ఫలితములను ఆధారము చేసికొని, 2022 నవంబరులో టెన్నెసీ రాష్ట్రపు నాష్‌విల్ యొద్ద, ఉదయపు రద్దీ గల ఇంటర్‌స్టేట్ 24 మీద, నూరు కార్లతో అట్టి ప్రయోగమునే నడిపిరి. కొలరాడోలో కూడ, ఈ ఇంటర్‌స్టేట్ 70 మీదనే, పోలీసు వాహనములను ముందు నిలిపి ఒకే వేగమున ప్రవాహమును దింపు పద్ధతిని కొంతకాలము పరీక్షించి చూచిరి.

అయితే జాగా విడుచుట సర్వరోగనివారిణి యని ఎవరును భ్రమపడరాదు. ఎంపైర్ కూడలి యొద్ద రెండు ప్రవాహములు రెండు లేన్‌లలో ఇమడవలసి వచ్చుటను ఏ డ్రైవరు నేర్పును మార్చలేదు. అచట నిలుచు గుంపు రోడ్డు ఇరుకునకు ఫలితము. తరంగములు పుట్టి గుంపు కుదుపులతో సాగుట వలన ఆ ఇరుకు గుండా పోవు సంఖ్య నూటికి ఐదు పది వంతుల వరకు తరుగుచుండును. ఆ తరుగును మాత్రమే నిలకడయైన నడక కొంత రక్షింపగలదు. మరియు ఇరుకు దాటి రోడ్డు విప్పారిన పిమ్మట కూడ అదే జాగాను పట్టుకొని మెల్లగా పోవుట తగదు. గుంపునుండి బయటపడు చోట చురుకుగా వేగము అందుకొనినగాని వెనుక తరంగము కరుగదు. ఇక్కడనే బరువు వాహనము వెనుకబడును, ఫ్లాయిడ్ హిల్ ఎగుడులో మరింత వెనుకబడును. ఎక్కునపుడు కుడిలేను, దిగునపుడు క్రింది గేరు, గుంపులో ఖాళీ జాగా అను మూడింటిని కలిపి పాటించువాడే పూర్తిగా నేర్చినవాడు. ప్రయాణము నాలుగు గంటలు ముందుకో వెనుకకో జరుపగలిగినచో ఈ శ్రమయే తప్పును. కాని మంగళవారము ఉదయమున బడులును కార్యాలయములును తెరచుకొను దేశమున అందరికి ఆ వెసులుబాటు ఉండదు.

మౌంట్ వెర్నన్ లోయ దిగుచు, కుడిప్రక్క బ్రేకులు పోయిన బండ్ల కొరకు మెత్తని కంకర పోసి మిట్టగా తీర్చిన దారిని దాటిన పిమ్మట, డెన్వరు మైదానము విప్పుకొనును. అచట వాలు ముగిసినంత మాత్రమున బ్రేకులు చల్లారవు. బరువైన ఇనుము పుచ్చుకొన్న వేడిని నిదానముగా గాని విడువదు. కనుక మొదటి సిగ్నలు యొద్ద పెడలును అదిమిపట్టి నిలుచుటకంటె, దూరమునుండియే వేగము తగ్గించుకొని, వీలైనచో పచ్చదీపము వచ్చువరకు మెల్లగా కదలుచు చేరుట మేలు; వేడి లైనింగు ఒకేచోట అదిమియుండినచో ఆ భాగమున వేడి చిక్కుకొని డిస్కు ఎగుడుదిగుడగును. బావగారు ఇంటి ముందు బండి నిలిపినవెంటనే దిగి, నాలుగు మూలలను చుట్టివచ్చుచు, చక్రమును తాకకుండ అరచేతిని దగ్గరగా చాపి వేడిని పోల్చి చూచిరి. ముందువి రెండును సమముగా ఉండెను. వెనుక కుడిది తక్కినవానికంటె కొంచెము హెచ్చుగా తోచుటచే, మరునాడు బండిని అద్దెవారికి అప్పగించునపుడు ఆ సంగతి చెప్పవలెనని అక్కతో కాగితము మీద వ్రాయించిరి.